హ్యాట్ల మీద మీ ప్రశ్నలు: ఆవిరికి లొంగేవి, లొంగనివి

ఈసారి వచ్చిన ప్రశ్నలు చాలావరకు షేపు గురించే ఉన్నాయండీ. కొన్నప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాలి, చెయ్యి పెడితే పాడైపోతుందేమో అని భయం అందరికీ. ఉన్నీ బొచ్చూ నొక్కి బిగించి చేసే ఫెల్ట్ హ్యాట్ కి ఆ భయం అక్కర్లేదు, గడ్డీ ఆకు నారా లాంటివాటితో చేసే స్ట్రా హ్యాట్ కి మాత్రం కొంచెం ఉండాలి. కొన్నిటికి జవాబు పెద్దదైపోయింది, కొన్నిటికి రెండు ముక్కల్లో తేల్చేసా, ఏమనుకోకండి.

ప్రశ్న: మా తాతగారి ట్రంకు పెట్టెలో బూడిదరంగు ఫెల్ట్ హ్యాట్ ఒకటి దొరికింది. పైన నలిగిపోయి ఒక పక్కకి ఒరిగింది కానీ రిబ్బన్ బాగానే ఉంది. ఇది మంచి రకమో మామూలుదో ఎలా తెలుస్తుంది? మళ్ళీ బాగుచేసి పెట్టుకోవచ్చా?

జవాబు: చిరుగులు, పురుగు కొట్టిన చిల్లులు లేకపోతే పెట్టుకోవచ్చండీ, నలగడం అసలు జబ్బే కాదు దానికి. ముందు అది దేంతో చేసారో చూడండి. ఫెల్ట్ లో రెండు జాతులున్నాయి, ఒకటి గొర్రె ఉన్నితో చేసేది, రెండోది కుందేలు, బీవర్ లాంటి జంతువుల పై వెంట్రుకల కింద ఉండే మెత్తటి బొచ్చుతో చేసేది, దీన్నే ఫర్ ఫెల్ట్ అంటారు. రెండూ నేసినవి కావు. వేడినీళ్ళూ ఆవిరీ తగిలి ఒత్తిడి పడితే ఆ వెంట్రుకల మీదుండే పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోతాయి, ఇక విడిపోవు. ఫర్ ఫెల్ట్ పలచగా ఉంటుంది కానీ గట్టిగా ఉంటుంది, వేళ్ళకి నున్నగా తగులుతుంది. ఉన్నిది ఐతే మందంగా, కొంచెం గరుగ్గా ఉంటుంది, వానలో తడిస్తే తొందరగా జావగారిపోతుంది.

తర్వాత లోపలి తోలు పట్టీని బయటికి మడిచి వెనకాల చూడండి. పాత హ్యాట్లలో అసలు కథంతా అక్కడే ఉంటుంది, సైజు చీటీ, లాట్ నంబరు, అమెరికాలో చేసిందైతే చాలాసార్లు కార్మిక సంఘం లేబుల్ కూడా. ఆ సంఘం పేరు, లేబుల్ డిజైను కాలంతో మారాయి కాబట్టి పాత హ్యాట్లు కొనేవాళ్ళు వయసు కట్టడానికి ముందు దాన్నే చూస్తారు. చీటీలు రాలిపోతుంటే ఊరికే లాగకండి. రిబ్బన్, బ్రిమ్ (అంటే హ్యాట్ చుట్టూ ఉండే అంచు) వెడల్పు కూడా కొంత చెప్తాయి, 1940ల్లో రెండూ వెడల్పు, 1950లు చివరికొచ్చి 60ల్లో పడేసరికి రెండూ సన్నబడిపోయాయి. కానీ అదొక్కటే చూసి తేల్చెయ్యకండి, అమెరికా హ్యాట్ల కంపెనీ స్టెట్సన్ వాళ్ళ ఓపెన్ రోడ్ మోడల్ కి బ్రిమ్ బాగానే ఉంటుంది, రిబ్బన్ మాత్రం సన్నటి తాడంతే.

ఒక్క జాగ్రత్త. పాతకాలంలో బొచ్చు బాగా బిగుసుకోవాలని పాదరసం నైట్రేట్ పూసేవాళ్ళు, ఆ పొగలకి ఫ్యాక్టరీ కార్మికులకి చేతులు వణికే జబ్బు వచ్చేది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో డాన్‌బరీ అని హ్యాట్లకి పేరుపడ్డ ఊరుంది, అక్కడ ఆ జబ్బుకి డాన్‌బరీ షేక్స్ అని పేరే పడిపోయింది. 1941 డిసెంబరులో గానీ ఆ దేశంలో ఆ పద్ధతి ఆగలేదు. కాబట్టి మీది అంతకు ముందుదేమో అనిపిస్తే ఆవిరి పట్టేటప్పుడు కిటికీలన్నీ తెరిచి పెట్టండి, ముఖం దూరంగా ఉంచండి, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ప్రశ్న: ఓపెన్ క్రౌన్ ఫెల్ట్ హ్యాట్ కొన్నాను, పైన ఏ సొట్టా లేకుండా గుండ్రంగా గోపురంలా ఉంది. ఇంట్లోనే షేపు చేసుకోవచ్చా? ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చేసుకోవచ్చు, అసలు హ్యాట్ల సరదాలో సగం ఇక్కడే ఉంది. ఫెల్ట్ లో చాలావరకు లక్క కలిపి గట్టిపరుస్తారు, వేడి ఆవిరి తగిలితే ఆ లక్క మెత్తబడుతుంది, వెంట్రుకలు కూడా కాస్త సడలుతాయి, చల్లారితే మళ్ళీ బిగుస్తుంది. మీరు ఆ మధ్యలో దొరికే కాసేపట్లో పని కానిచ్చేయాలి, అంతే విద్య.

ముందు తోలు పట్టీని బయటికి తిప్పేయండి, దానికి మాత్రం ఆవిరి తగలకూడదు, తోలు ముడుచుకుపోయి సైజు తగ్గిపోతుంది, తర్వాత ఎంత లాగినా సరిగ్గా రాదు. కేటిల్ మూతి నుంచి ఆవిరి బాగా తన్నుకొస్తున్నప్పుడు క్రౌన్ ని, అంటే తల మీద ఉండే ఎత్తు భాగాన్ని, జానెడు దూరంలో పెట్టి తిప్పుతూ ఉండండి, ఒకేచోట ఆపొద్దు. వేళ్ళతో నొక్కితే లోపలికి పోయి మెల్లగా పైకొస్తోంది అంటే తయారైనట్టు. అప్పుడు అరచెయ్యి అంచుతో ముందు నుంచి వెనక్కి నడిమధ్యలో ఒక పొడుగు సొట్ట పెట్టండి. దాంతోనే ఆగిపోవచ్చు, అదే సెంటర్ డెంట్. లేదూ కన్నీటిబొట్టు షేపు కావాలంటే ఆ సొట్ట చుట్టూ గట్టు తేలేలా వేళ్ళతో లోపలి నుంచి తోసుకుంటూ పోవాలి, వెనక భాగం వెడల్పుగా గుండ్రంగా, ముందుకొచ్చేసరికి సన్నగా. ఆఖర్న ముందు రెండు పక్కలా బొటనవేలు, రెండు వేళ్ళతో నొక్కితే పించ్ వస్తుంది.

కొత్తవాళ్ళందరూ సొట్ట లోతుగా పెట్టేస్తారు, పించ్ గట్టిగా నొక్కేస్తారు. లోతు పెరిగేకొద్దీ క్రౌన్ ఎత్తు తగ్గుతుంది, పించ్ బిగిసేకొద్దీ ముఖం మీద హ్యాట్ కోసుగా కనిపిస్తుంది. తక్కువతో మొదలుపెట్టండి, అద్దం ముందు నిలబడి పెట్టుకుని చూడండి, బొమ్మ మీద బాగున్నది మీ మీద బాగుంటుందని ఏం లేదు. నచ్చకపోతే మళ్ళీ ఆవిరి పట్టి లోపల పిడికిలి పెట్టి తోస్తే సొట్ట పోతుంది, ఫర్ ఫెల్ట్ ఈ తంతుని ఎన్నిసార్లైనా తట్టుకుంటుంది, ఉన్ని ఫెల్ట్ ని మాత్రం పదేపదే విసిగించకండి, వదులైపోతుంది. మెత్తటి ఫర్ ఫెల్ట్ ఐతే అసలు ఆవిరే అక్కర్లేదు, పొడిగానే చేత్తో సొట్ట పెట్టేసుకోవచ్చు, నేనైతే ముందు అలాగే ప్రయత్నిస్తా.

బ్రిమ్ సంగతి, ముందు భాగం కిందికి, వెనక భాగం పైకి ఉండటం మామూలు పద్ధతి. అలలు తేలి ఉంటే బల్ల మీద పరిచి తడి నూలుగుడ్డ వేసి ఇస్త్రీ పెట్టె తేలిగ్గా ఆనించండి. పెట్టె నేరుగా ఫెల్ట్ కి తగిలిందా, మెరుపు మచ్చ పడిపోతుంది, ఇక పోదు.

ప్రశ్న: లేబుల్ మీద 4ఎక్స్, 10ఎక్స్, 20ఎక్స్ అని ఉంటుంది కదా, ఎక్స్ లు ఎక్కువుంటే బీవర్ బొచ్చు ఎక్కువున్నట్టేనా?

జవాబు: కాదండీ. ఒకే కంపెనీ హ్యాట్లలో ఎక్కువ ఎక్స్ లు ఉన్నది మెరుగు రకం అని చెప్పొచ్చు, అంతవరకే. అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత అంటూ లేదు, ఒకరి 10ఎక్స్ ఇంకొకరి 5ఎక్స్ కంటే తీసికట్టుగా ఉండొచ్చు. నంబరు చదవడం మానేసి చేత్తో పట్టుకుని చూడండి.

ప్రశ్న: నా తల 58 సెం.మీ. ఆ సైజే తెప్పించుకున్నా నుదురు దగ్గర నొక్కుతోంది, కణతల దగ్గర మాత్రం వేలు దూరేంత సందు ఉంది. పెద్ద సైజు తీసుకోవాలా?

జవాబు: వద్దొద్దు, సైజు పెంచితే ఆ సందు ఇంకా పెరుగుతుంది, గాలొస్తే హ్యాట్ మీకంటే ముందు వెళ్ళిపోతుంది. మీ తల చుట్టుకొలత సరిపోయింది, షేపు సరిపోలేదు. తలలన్నీ కోడిగుడ్డు ఆకారమే ఐనా కొందరివి ముందుకీ వెనక్కీ పొడుగ్గా ఉంటాయి, దాన్ని లాంగ్ ఓవల్ అంటారు, మీదదే. ఇలాంటి తలల కోసమే 19వ శతాబ్దంలో ఫ్రాన్స్ లో కన్ఫర్మేటర్ అని ఒక యంత్రం చేసారు, చూడ్డానికి టైప్‌రైటర్ ని హ్యాట్ లాగా మలిచినట్టుంటుంది. తల మీద పెడితే చుట్టూ ఉన్న మీటలు తల ఆకారానికి కదులుతాయి, పైన ఒక చిన్న కార్డు మీద ఆ ఆకారం సూదులతో పడుతుంది. కొన్ని పాత పద్ధతి దుకాణాల్లో ఇప్పటికీ వాడుతున్నారు.

అది అందరికీ దొరకదు కాబట్టి ఇంట్లో చేసే పని చెప్తా. హ్యాట్ లోపల పట్టీ చుట్టూ కొంచెమే ఆవిరి పట్టించండి (ఇందాక తోలుకి వద్దన్నాను కదా, ఇక్కడ తోలు మడిచి ఫెల్ట్ కే పట్టండి), రెండు పక్కలా అరచేతులు పెట్టి కొద్దిగా లోపలికి నొక్కితే ముందూ వెనకా సాగుతుంది, అలాగే తల మీద పెట్టుకుని చల్లారనివ్వండి. బ్రిమ్ కొంచెం వంగుతుంది, దాన్ని తర్వాత సర్దుకోవచ్చు. ఇంకా కణతల దగ్గర వదులుంటే తోలు పట్టీ వెనకాల నురగ టేపు ముక్కలు రెండు దూర్చండి.

కొలత తీసేటప్పుడు టేపు చెవుల పైనుంచి, నుదురు మధ్యలోంచి వెళ్ళాలి, అంటే హ్యాట్ నిజంగా కూర్చునే చోట. 58 అంటే అమెరికా సైజు 7 1/4, బ్రిటిష్ సైజు 7 1/8. ఈ ఒక్క మెట్టు తేడా తెలీక పాతవి కొనేటప్పుడు చాలామంది దెబ్బతింటున్నారు. పైగా పాత హ్యాట్లలో తోలు ఎండి ముడుచుకుని ఉంటుంది, చీటీ మీద సైజుని నమ్మకుండా లోపలి చుట్టుకొలత టేపుతో కొలిచి పంపమని అమ్మేవాళ్ళనే అడగండి.

ప్రశ్న: ఫెడోరా, ట్రిల్బీ, హాంబర్గ్, బౌలర్, వీటన్నిటికీ తేడా ఒక్క పేరాలో చెప్పండి.

జవాబు: ఫెడోరాకి బ్రిమ్ వెడల్పు, ముందు కిందికి దించుకోవచ్చు. ట్రిల్బీకి బ్రిమ్ పొట్టి, వెనక బాగా పైకి తిరిగి ఉంటుంది. హాంబర్గ్ గట్టిగా ఉంటుంది, నడిమధ్య ఒకే సొట్ట, పక్క పించ్ లు ఉండవు, బ్రిమ్ అంచు చుట్టూ పైకి వంకర తిరిగి రిబ్బన్ కుట్టి ఉంటుంది, బ్రిటిష్ రాజు ఏడవ ఎడ్వర్డ్ యువరాజుగా ఉన్నప్పుడు జర్మనీలో బాడ్ హాంబర్గ్ నుంచి తెచ్చుకుని పెట్టుకుంటే ఫ్యాషనైపోయింది. బౌలర్ ఐతే గుండ్రంగా రాయిలా ఉంటుంది, దానికి ఆవిరి పట్టి సొట్ట పెట్టే ఆలోచనే పెట్టుకోకండి. 1849లో లండన్ లో లాక్ అండ్ కో అనే హ్యాట్ల దుకాణం వాళ్ళు ఎడ్వర్డ్ కోక్ అనే ఆయన కోసం చేయించారు, వేటతోటల కాపలావాళ్ళు గుర్రాల మీద పోతుంటే చెట్టుకొమ్మలు తగలకుండా. ఆయన దాన్ని కింద పెట్టి కాలితో తొక్కి, చెక్కుచెదరలేదని చూసుకుని మరీ తీసుకున్నాడంటారు.

ప్రశ్న: పనామా హ్యాట్ ముందు పించ్ దగ్గర చిట్లింది. పెట్టుకున్నది కూడా తక్కువే. నాసిరకం అంటగట్టారా?

జవాబు: నాసిరకమే కానక్కర్లేదు. మీరు తీసేటప్పుడు, పెట్టేటప్పుడు ముందు పించ్ పట్టుకుంటున్నారా? చాలామంది అలాగే పట్టుకుంటారు, సినిమాల్లో అలాగే చూపిస్తారు మరి. ఫెల్ట్ దాన్ని కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది, స్ట్రా ఓర్చుకోదు. మడత పడిన చోట నార ముందే అలసిపోయి ఉంటుంది, రోజూ అక్కడే వేళ్ళు పడితే విరుగుతుంది. బ్రిమ్ ముందూ వెనకా రెండు చేతులతో పట్టుకుని తియ్యండి, అంతే.

పనామా అంటే పుట్టిల్లు ఈక్వడార్ అండీ, పనామా కాదు. టొకియా అనే తాటిజాతిలా కనిపించే మొక్క లేత ఆకుల్ని సన్నగా చీల్చి, ఉడకబెట్టి, ఎండబెట్టి చేత్తో అల్లుతారు. మోంటెక్రిస్టి, కుయెంకా రెండూ దీనికి పేరుపడ్డ ఊళ్ళు, సన్నటి పని కావాలంటే మోంటెక్రిస్టి. పనామా మీదుగా అమ్ముడై, 1906లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కాలువ పనులు చూడ్డానికి వెళ్ళి ఇది పెట్టుకుని ఫోటో దిగడంతో ఆ పేరు ఇంకా గట్టిపడిపోయింది. 2012లో యునెస్కో ఈ అల్లికని వారసత్వ జాబితాలో చేర్చింది, అందులో రాసింది ఈక్వడార్ పేరే.

ఇది నిజంగా ఆకు నార కాబట్టి తేమ ఉంటే వంగుతుంది, ఎండిపోతే విరుగుతుంది. ఎండాకాలంలో కారు అద్దం వెనక పెట్టి వదిలెయ్యడం కంటే పాపం ఇంకోటి లేదు దానికి. షేపు మార్చాలంటే ముందు నీళ్ళు తేలిగ్గా స్ప్రే చేసి, లేదా ఆవిరి పట్టి, నార మెత్తబడ్డాకే చెయ్యి పెట్టండి. చుట్టచుట్టి డబ్బాలో పెట్టి అమ్ముతుంటారు కదా, ఆ చుట్టే వేడుక అమ్మేటప్పుడు చూపించడానికి బాగుంటుంది, రోజూ చేస్తే మడత దగ్గర తెగుతుంది, నా మాట విని చుట్టకండి. మీ చిట్లిన చోటికి లోపలివైపు పలచటి టిష్యూ కాగితం, తెల్ల జిగురు పెట్టి అతికించండి, కనపడదు, ఇంకొన్నాళ్ళు వస్తుంది.

ఇంకోటి, షాంటుంగ్ పేరుతో ఇప్పుడు వచ్చేవి ఎక్కువగా కాగితం పురితో నేసినవి. తేలిగ్గా ఉంటాయి, చూడ్డానికీ బాగుంటాయి, తీసెయ్యాల్సినవేం కాదు, కానీ పనామా అనుకుని నీళ్ళతో నానబెడితే మాత్రం మీ ఇష్టం. గుర్తుపట్టాలంటే క్రౌన్ నడినెత్తి చూడండి, అసలు పనామాలో అల్లిక అక్కడ మొదలై చుట్లు చుట్లుగా పెరుగుతూ బ్రిమ్ దాకా ఎక్కడా కుట్టు లేకుండా వస్తుంది. పైన చదునుగా ఉండే బోటర్ లాంటి గట్టి స్ట్రా హ్యాట్లు వేరు, వాటిలో జడలా అల్లిన పట్టీని చుట్టలు చుట్టి కుడతారు, పైన లక్క పూసి చెక్కలా చేస్తారు.

ప్రశ్న: స్ట్రా హ్యాట్ ఎండాకాలం దాటాక పెట్టుకోకూడదంటారు, ఎవరు పెట్టిన రూలు?

జవాబు: ఎవరూ పెట్టలేదు, అమెరికాలో ఊరికే అలా సాగిపోయింది. సెప్టెంబర్ 15 దాటాక స్ట్రా హ్యాట్ తో కనిపిస్తే దారిన పోయేవాళ్ళు లాక్కుని తొక్కేసేవాళ్ళట, 1922లో న్యూయార్క్ లో కుర్రాళ్ళు రెండ్రోజుల ముందే మొదలుపెట్టేసి చాలారోజులు వీధుల్లో కొట్లాటలు చేసారు, అరెస్టులు కూడా అయ్యాయి. హ్యాట్ కోసం! ఇప్పుడు ఎండ ఉంటే స్ట్రా, చలి ఉంటే ఫెల్ట్, అంతకు మించి ఏం చూసుకోనక్కర్లేదు. ఎండ కోసమే ఐతే బ్రిమ్ 7.5 సెం.మీ. ఐనా ఉండాలి, అల్లిక దగ్గరగా ఉండాలి. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే చుక్కలు చుక్కలుగా కాంతి వస్తోందంటే ఎండ కూడా అలాగే వస్తుంది.

ప్రశ్న: అమెరికా అధ్యక్షుడు కెనెడీ హ్యాట్ పెట్టుకోకపోవడం వల్లే మగవాళ్ళు హ్యాట్లు మానేసారంట, నిజమేనా?

జవాబు: 1961లో ప్రమాణస్వీకారానికి ఆయన సిల్క్ టాప్ హ్యాట్ తోనే వచ్చాడు, ఫోటోలున్నాయి. ప్రమాణానికీ ప్రసంగానికీ తీసాడంతే. హ్యాట్లు తగ్గడం అప్పటికే మొదలైపోయింది.

ప్రశ్న: నేను పొట్టి, ముఖం గుండ్రం. ఏ హ్యాట్ పెట్టినా పుట్టగొడుగులా ఉన్నానంటున్నారు ఇంట్లో. నాకు హ్యాట్ రాసిపెట్టి లేదా?

జవాబు: ఉందండీ, బ్రిమ్ తగ్గించండి. మీ బ్రిమ్ భుజాల వైపుకి సాగి ఉండుంటుంది, దాంతో మనిషి ఇంకా కిందికి నొక్కేసినట్టు కనిపిస్తాడు. 6 సెం.మీ. దగ్గర ఆగండి, క్రౌన్ మాత్రం తగ్గించకండి, సొట్ట తక్కువ లోతు పెట్టి ఎత్తు నిలబెట్టుకోండి. గుండ్రటి ముఖానికి పించ్ ఉన్న కోసు క్రౌన్ బాగుంటుంది, బౌలర్ జోలికి వెళ్ళకండి. పెట్టుకునేటప్పుడు మరీ వెనక్కి నెట్టెయ్యకుండా నుదురు మీదికి, ఒక కంటివైపు కొంచెం వాల్చండి. ఇంట్లోవాళ్ళు ఇంకొన్నాళ్ళు నవ్వుతారు, రోజూ పెట్టుకుంటుంటే అలవాటు పడిపోతారు, ఎప్పుడో ఒకసారి పెళ్ళికో ఫోటోకో పెట్టేవాళ్ళకే హ్యాట్ వేషంలా ఉంటుంది.

ప్రశ్న: వానలో ఫెల్ట్ హ్యాట్ పూర్తిగా తడిసింది. హెయిర్ డ్రైయర్ పెట్టొచ్చా?

జవాబు: అస్సలొద్దు. వేడి తగిలితే ముడుచుకుంటుంది. నీళ్ళు దులిపి, సొట్ట పోయుంటే తడిగా ఉండగానే సర్ది, తోలు పట్టీని బయటికి మడిచి ఆ పట్టీ మీదే హ్యాట్ ని నిలబెట్టి గాలికి వదిలెయ్యండి. ఇలా ఐతే తోలూ ఆరుతుంది, బ్రిమ్ కూడా బల్లకి ఆని వంకరపోదు. పూర్తిగా ఆరాకే బ్రష్ పట్టండి, పైనుంచి చూస్తే గడియారం ముళ్ళకి ఎదురు దిశలో, మామూలుగా నూగు అటే పడుకుని ఉంటుంది.

ప్రశ్న: పాత హ్యాట్లు పోగేస్తున్నాను, బీరువా నిండిపోయింది. ఈమధ్య రెండింటికి చిన్న చిన్న గుంటలు పడ్డాయి, గీరినట్టు. పురుగేనా? ఏం చెయ్యాలి?

జవాబు: పురుగేనండీ, బట్టలు కొట్టే చిమట. ఎగిరే పురుగు ఏం తినదు, దాని పిల్ల పురుగు తింటుంది, ఉన్నీ బొచ్చూ రెండూ దానికి ఇష్టమే, అందులోనూ చెమట మరకలున్న చోటు ఇంకా ఇష్టం. స్ట్రా జోలికి రాదు. చీకటిగా, కదలిక లేకుండా ఉన్న చోటే అది కాపురం పెడుతుంది, కాబట్టి మీరు పోగేసి పెట్టెల్లో దాచేసి ఎప్పుడో చూసుకుంటున్నంత కాలం దానికి పండగే. అందుకే నేను కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి పెట్టుకోగలిగిన సైజులోనే కొనండి అని చెప్తుంటా, తలకి పట్టనివి అందంగా ఉన్నాయని కొంటే అవి బయటికి రావు, బ్రష్ పడదు, పురుగు పడుతుంది. మీ బీరువాలో మీ సైజు కానివి ఎన్నున్నాయో చూసి, వాటిని ఆ సైజు వాళ్ళకి ఇచ్చెయ్యడమో అమ్మెయ్యడమో చేసెయ్యండి ముందు.

మిగిలినవి ఒక్కొక్కటి బయటికి తీసి, ఎండలో కాదు గాలి తగిలేచోట బ్రష్ కొట్టండి, రిబ్బన్ కిందా తోలు పట్టీ వెనకాలా ముఖ్యంగా, గుడ్లు అక్కడే పెడుతుంది. బీరువా మూలలు వ్యాక్యూమ్ చెయ్యండి. పురుగు పట్టినవాటిని ప్లాస్టిక్ కవర్లో గాలి లేకుండా కట్టి, హ్యాట్ నలక్కుండా అట్టపెట్టెలో పెట్టి, వారం పైనే డీప్ ఫ్రీజర్లో ఉంచండి, మామూలు ఫ్రిజ్ చల్లదనం చాలదు. బయటికి తీసాక కవరు వెంటనే విప్పకండి, గది వేడికి వచ్చేదాకా ఆగండి, లేకపోతే గాల్లో తేమంతా ఫెల్ట్ మీదే దిగుతుంది.